ఐదో చిరునామా: ‘అమెరికన్ వైఫ్’ నవలపై ఒక సమీక్ష

కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్ రాసిన ‘అమెరికన్ వైఫ్’ నవలలో ఒక చిన్న గమనిక ఉంది. ఈ కథకు అమెరికా ప్రథమ మహిళ ఒకరి జీవితం కొంతవరకు ప్రేరణ అనీ, ఆమె భర్తనూ, అత్తమామలనూ, భర్త ప్రభుత్వంలోని కొందరు ప్రముఖులనూ పాఠకులు పోల్చుకోగలరనీ, మిగతా పాత్రలూ వారి జీవితాల్లోని సంఘటనలూ కల్పితమేననీ దాని సారాంశం. న్యాయవాదులు దగ్గరుండి రాయించినట్టు కనిపించే ఇటువంటి గమనికలను నేను మామూలుగా చదవను. ఈసారి మాత్రం నవల పూర్తయ్యాక వెనక్కి వచ్చి మరోసారి చదివాను. భర్తను పోల్చుకోవచ్చు, అత్తగారిని పోల్చుకోవచ్చు. మరి భార్య మాటేమిటి? ఆమె నిజమా, కల్పనా అన్నది ఆ గమనిక తేల్చదు. అయిదు వందల పేజీలు దాటిన ఈ నవల మొత్తం ఆ తేలని చోటనే నడుస్తుంది. దాని బలమూ, దానిపై నాకున్న అభ్యంతరమూ రెండూ అక్కడే ఉన్నాయి.

2008 సెప్టెంబరులో, జార్జ్ డబ్ల్యూ. బుష్ ఇంకా అధ్యక్షుడిగా ఉండగానే, ర్యాండమ్ హౌస్ సంస్థ ఈ నవలను ప్రచురించింది. కథానాయిక ఆలిస్ లిండ్‌గ్రెన్. పెళ్ళయ్యాక ఆలిస్ బ్లాక్‌వెల్. బుష్ భార్య లారా గురించి నాలుగు ముక్కలు తెలిసిన వారికెవరికైనా పోలికలు వెంటనే తడతాయి. లారా 1946లో టెక్సస్‌లోని మిడ్‌లాండ్‌లో పుట్టారు. 1963 నవంబరులో, పదిహేడేళ్ళు నిండిన రెండు రోజులకు, కూడలిలో స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా కారు నడిపి మరో కారును ఢీకొన్నారు. ఆ కారులో ఉన్న సహవిద్యార్థి మరణించాడు. తరువాత ఆమె బడిపంతులమ్మగా, లైబ్రేరియన్‌గా పనిచేశారు. 1977లో స్నేహితుల ఇంటి పెరటి విందులో జార్జ్ బుష్‌ను కలిశారు, అదే ఏడాది నవంబరులో పెళ్ళాడారు. రచయిత్రి ఈ అస్థిపంజరాన్ని దాదాపు యథాతథంగా తీసుకుని, పటం మీద టెక్సస్‌ను చెరిపి విస్కాన్సిన్‌ను గీసింది. కవల పిల్లలు ఒక కూతురయ్యారు, కుటుంబ వ్యాపారం మాంసం వ్యాపారమైంది, టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టుకు బదులు మిల్వాకీ బ్రూవర్స్ వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి మాజీ అధ్యక్షుడు కాడు, మాజీ గవర్నరు. ఇన్ని మార్చినా ఎవరి కథో దాగదు. దాచాలన్న ఉద్దేశం రచయిత్రికీ లేదు.

నవలలోని నాలుగు భాగాలకూ ఆలిస్ నివసించిన నాలుగు చిరునామాలే శీర్షికలు. మొదటిది రైలీ అనే చిన్న ఊళ్ళో పుట్టిల్లు, రెండవది మాడిసన్‌లో ఒంటరిగా ఉన్న అద్దె వాటా, మూడవది మిల్వాకీ శివార్లలో సంసారం చేసిన ఇల్లు, నాలుగవది వైట్‌హౌస్ ఉన్న 1600 పెన్సిల్వేనియా అవెన్యూ. ఆడదాని జీవితాన్ని పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండు ముక్కల్లో చెప్పే అలవాటు మనకు ఉన్నది కనుక ఈ ఏర్పాటు నాకు కొత్తగా అనిపించలేదు. నన్ను ఆపింది శీర్షికల్లో చేరని ఐదో చిరునామా. ముప్పై ఒక్కేళ్ళ ఆలిస్, బడి లైబ్రరీలో పనిచేస్తూ కూడబెట్టిన డబ్బుతో, ఎవరి చేయూతా లేకుండా ఒక చిన్న ఇల్లు కొనబోతున్న సమయంలో చార్లీ బ్లాక్‌వెల్ ఆమె జీవితంలోకి వస్తాడు. ఆ ఇల్లు కొనడం జరగదు. రచయిత్రి దాన్ని పెద్ద విషాదంగా చేయలేదు, ఆలిస్ కూడా దాని గురించి కన్నీరు పెట్టుకోదు. అయినా, ప్రపంచంలోనే అందరికీ తెలిసిన ఇంట్లో ఆమె అతిథిలా తిరుగుతున్న చివరి భాగానికి వచ్చేసరికి, ఆమె పేరిట రిజిస్టరు కాకుండా పోయిన ఆ ఇల్లే పదేపదే నాకు గుర్తుకు వచ్చింది.

మొదటి భాగం ఈ నవలకు ప్రాణం. తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి నెమ్మదస్తురాలు. వారితో పాటు ఉండే నాయనమ్మ ఎమిలీ మాత్రం ఇంటి పనేదీ ముట్టుకోకుండా సిగరెట్లు కాలుస్తూ నవలలు చదువుతూ కూర్చుంటుంది. షికాగోలో గ్లాడిస్ వైకూంబ్ అనే డాక్టరమ్మతో ఆమెకున్న అనుబంధం ఎటువంటిదో మనవరాలి కంట పడే సన్నివేశాన్ని రచయిత్రి ఎంతో సంయమనంతో రాసింది. ఇంట్లో ఒక రహస్యం ఉంటే దాన్ని చూసీ చూడనట్టు ఉండిపోవడమే మర్యాద అని ఆలిస్ నేర్చుకునేది ఇక్కడే. ఇతరుల రహస్యాన్ని కాపాడగలగడం మంచి గుణమే. అదే గుణం నలభై ఏళ్ళ తరువాత ఒక యుద్ధం ముందు నోరు విప్పకుండా కూర్చోవడానికి కూడా పనికివస్తుందన్న సంగతిని నవల ఎక్కడా వాచ్యం చేయకుండానే చూపిస్తుంది. గొప్ప ఇంటి కోడలి మౌనానికి మూలం అత్తవారింట్లో కాక పుట్టింట్లో ఉందనడం ఈ పుస్తకం కనిపెట్టిన సత్యాల్లో ఒకటని నా అభిప్రాయం.

ఇక ప్రమాదం సంగతి. నవలలో చనిపోయే ఆండ్రూ, ఆలిస్ మనసులో మెదులుతున్న కుర్రవాడు. తనని కలుస్తాడని ఆమె ఆశపడి వెళుతున్న రాత్రే, ఆమె కారు ఢీకొనే అతని ప్రాణం పోతుంది. తరువాత ఆమె, తనను తాను శిక్షించుకుంటున్నట్టుగా, అతని అన్న పీట్‌కు శరీరాన్ని అప్పగిస్తుంది. గర్భం వస్తుంది. నాయనమ్మ ఆమెను షికాగోకు తీసుకువెళ్ళి, ఆ డాక్టరమ్మ చేతనే, చట్టం ఒప్పుకోని ఆ కాలంలో, గర్భస్రావం చేయిస్తుంది. ఈ పేజీలు చదువుతూ నేను రెండు రకాలుగా చలించాను. కథగా చూస్తే ఇవి పుస్తకంలోకెల్లా ఒడుపుగా రాసిన పేజీలు: పదిహేడేళ్ళ పిల్ల అపరాధభావం మాటల్లోకి రాలేక ఒంటి మీదికి ఎలా దిగుతుందో ఇంత నిదానంగా చెప్పిన రచన నేను తక్కువగా చదివాను. కానీ ఆ కూడలీ, ఆ స్టాప్ బోర్డూ, ఆ మరణమూ నిజంగా జరిగినవి. దానికి అతికించిన పీట్, గర్భం, గర్భస్రావం కల్పితం. నిజాన్నీ కల్పననూ ఇలా ఒకే కుట్టుతో కలిపేస్తే, పదేళ్ళ తరువాత పాఠకుడి జ్ఞాపకంలో ఏది ఏదో మిగలదు. లారా బుష్ ప్రజాజీవితంలో ఉన్న వ్యక్తి కనుక ఇటువంటివి ఆమె భరించక తప్పదని వాదించవచ్చు. కొడుకును పోగొట్టుకున్న ఆ రెండవ కుటుంబం ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు కదా. నవల గమనిక వారి గురించి ఒక్క మాట అనదు.

గర్భస్రావం కల్పన ఎక్కడి నుంచి పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2001 జనవరిలో, భర్త ప్రమాణ స్వీకారానికి ముందు, లారా బుష్ ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో, గర్భస్రావ హక్కును గుర్తించిన ‘రో వర్సెస్ వేడ్’ తీర్పును కొట్టివేయకూడదన్నదే తన అభిప్రాయమని చెప్పారు. ఆమె భర్త రాజకీయం దానికి పూర్తి వ్యతిరేకం. ఒకే పడకగదిలో ఈ రెండు అభిప్రాయాలు ఎలా నిద్రపోతాయి? సిట్టెన్‌ఫెల్డ్ నవల ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నం. నాకైతే, ఒక మనిషికి ఒక అభిప్రాయం ఉండడానికి ఆమె ఒంటి మీద ఒక గాయం ఉండి తీరాలనుకోవడమే ఈ కల్పనలోని బలహీనతగా తోచింది. పుస్తకాలు చదివే లైబ్రేరియన్ ఆలోచించి కూడా ఆ నిర్ణయానికి రాగలదు.

రెండవ భాగంలో నవల ఒక్కసారి తేలికపడుతుంది. ఇంత చదువరి, ఇంత మితభాషిణి, అంత అల్లరి మనిషిని ఎందుకు చేసుకుందన్న ప్రశ్న బుష్ దంపతుల గురించి అమెరికాలో ఏళ్ళ తరబడి వినిపించినదే. నవల ఇచ్చే జవాబు చాలా మామూలుది, అందుకే నమ్మదగ్గది: అతడు ఆమెను నవ్విస్తాడు. ఆలిస్ తన బడి లైబ్రరీ కోసం, పిల్లల పుస్తకాల్లోని పాత్రలను కాగితపు గుజ్జుతో బొమ్మలుగా చేస్తూ ఉంటుంది. ఆ బొమ్మలను చూసి చార్లీ చిన్నపిల్లవాడిలా సంబరపడడం చదివితే, ఆమె ఎందుకు పడిపోయిందో వేరే వివరణ అక్కరలేదు. పదిహేడేళ్ళ వయసు నుంచి బరువు మోస్తున్న మనిషికి బరువంటే ఏమిటో తెలియని మనిషి దొరకడం ఎంత సుఖమో! దంపతుల ఏకాంతాన్ని రచయిత్రి మొహమాటం లేకుండా రాసింది. అధ్యక్షుడి పోలికలు ఉన్న మనిషిని పడకగదిలో చూపించడం అవసరమా అని కొందరికి అనిపిస్తుంది, నాకూ మొదట అనిపించింది. అయితే ఆ పేజీలు లేకపోతే ఈ పెళ్ళి ఒక రాజకీయ ఒప్పందంలా కనిపించేది. అది ప్రేమ పెళ్ళి అని పాఠకుడు నమ్మకపోతే తరువాతి పేజీలకు అర్థం లేదు.

అత్తవారి వేసవి విడిదికి ఆలిస్ మొదటిసారి వెళ్ళే ఘట్టం నవలలోని హాస్యానికంతటికీ శిఖరం. డోర్ కౌంటీలో సరస్సు ఒడ్డున, పేరున్న కుటుంబం, ఇంటి నిండా జనం, అందరికీ కలిపి ఒక్కటే మరుగుదొడ్డి. దాని గురించి ఎవరూ చింతించకపోవడమే ఆ ఇంటి దర్జా. తరతరాల సంపద ఉన్నవారు అసౌకర్యాన్ని అలంకారంగా ధరిస్తారనీ, దానికి ఇబ్బంది పడేవారే కొత్తవారని తేలిపోతుందనీ రచయిత్రి గ్రహించిన తీరు చూస్తే, ఈమె ధనికుల ఇళ్ళలో భోజనానికి పిలుపు అందుకుని, భోజనం కన్నా బల్ల కింది కాళ్ళను ఎక్కువ గమనించి ఉంటుందనిపిస్తుంది. ‘మేజ్’ అని ఇంటిల్లిపాదీ పిలిచే అత్తగారు ప్రిసిల్లా, ఒక్క మాటా పరుషంగా అనకుండా కోడలిని నలుగురిలో నిలబెట్టి కడిగేయగలదు. అటువంటి అత్తగార్లు మనకు కొత్త కాదు కనుక, ఆ పేజీల దగ్గర తెలుగు పాఠకులకు వ్యాఖ్యానం అవసరం ఉండదు.

మూడవ భాగం 1988లో జరుగుతుంది. చార్లీకి నలభై దాటాయి, చేసినదేమీ లేదు, తాగుడు ముదిరింది. భార్య కూతురిని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతుంది. అతడు ఒక మతబోధకుడి సాయంతో తాగుడు మానేసి, దేవుణ్ణి పట్టుకుని, బేస్‌బాల్ జట్టులో వాటాదారుడై మరో మనిషిగా తిరిగివస్తాడు. నిజజీవితంలో బుష్ 1986లో, నలభయ్యవ పుట్టినరోజు తరువాత మద్యం మానేశారు; నవల రెండేళ్ళు జరిపింది, అంతే. ఈ భాగం సాగదీసినట్టుంది. తాగి వచ్చిన రాత్రులు ఒకటి, రెండు, మూడు అయ్యాక నాలుగవది పాఠకుడికి కొత్తగా చెప్పేదేమీ లేదు. అందులో నిలిచిపోయేది మిస్ రూబీ కథ. అత్తగారింట్లో ఏళ్ళుగా పనిచేస్తున్న నల్లజాతి మహిళ ఆమె. ఆమెతోనూ, ఆమె మనవరాలు జెసికాతోనూ ఆలిస్ చనువుగా ఉండడం బ్లాక్‌వెల్ కుటుంబానికి కంటగింపు. చురుకైన ఆ పిల్లను మంచి బడిలో చదివించాలని ఆలిస్ తపన పడే సన్నివేశాలు, ఇంట్లో పనిచేసే మనిషి పిల్లల ఫీజుల గురించి మన మధ్యతరగతి ఇళ్ళలో జరిగే సంభాషణలకు ఎంతో దూరంలో లేవు. ఆ తపనలో ఎంత దయ ఉందో, అంతే ఆత్మతృప్తి కూడా ఉందని రచయిత్రికి తెలుసు, ఆలిస్‌కూ లీలగా తెలుసు.

వైట్‌హౌస్‌లోకి అడుగుపెట్టగానే నవల బిగుసుకుపోతుంది. దీనికి కారణం శిల్పంలోనే ఉంది. మొదటి మూడు భాగాల్లో పాఠకుడు ఆలిస్‌ను చూస్తాడు, చివరి భాగంలో ఆలిస్ పక్కనే వార్తాపత్రికను పరచుకుని కూర్చుంటాడు. ఈ సలహాదారు ఎవరు, ఈ సంఘటన ఏ ఏడాదిది అని సరిపోల్చడం మొదలుపెట్టిన పాఠకుడు కథ నుంచి బయటపడినట్టే. 2005 ఆగస్టులో, ఇరాక్ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న సిండీ షీహన్, బుష్ విడిది ఉన్న క్రాఫర్డ్ దగ్గర శిబిరం వేసుకుని అధ్యక్షుడు తనతో మాట్లాడాలని పట్టుబట్టింది. ఆయన ఆ శిబిరానికి రాలేదు. నవలలో ఆ తల్లి స్థానంలో ఎడ్గర్ ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి తండ్రి ఉంటాడు, తాను కూడా సైన్యంలో పనిచేసినవాడు. ఆలిస్ ఎవరికీ చెప్పకుండా అతని దగ్గరికి వెళ్ళి, యుద్ధం ముగించాలన్నది తన అభిప్రాయమని చెబుతుంది. అదే రోజు, నూరేళ్ళు దాటిన గ్లాడిస్ వైకూంబ్, పాత గర్భస్రావం రహస్యాన్ని బయటపెడతానని బెదిరిస్తుంది. సుప్రీంకోర్టుకు ఒక న్యాయమూర్తి నియామకం ఆ రోజుల్లోనే నలుగుతూ ఉంటుంది. నలభై ఏళ్ళ కథలోని పాత్రలన్నీ ఒకే రోజున తలుపు తట్టడం నాటకానికి బాగుంటుందేమో, ఇంత నెమ్మదిగా నడిచిన నవలకు అతకలేదు. పైగా, జీవితమంతా మౌనంగా ఉన్న మనిషి మాట్లాడిందని చూపించడం పాఠకుల కోరిక తీర్చడమే. నిజమైన ప్రథమ మహిళ అలా వెళ్ళలేదు. వెళ్ళకపోవడంలోని కథ వెళ్ళడంలోని కథ కన్నా కష్టమైనది. దాన్ని రాయగల శక్తి ఉన్న రచయిత్రి సులువైన దారిని పట్టిందని నా ఫిర్యాదు.

అయితే ఆఖరి పేజీల్లో ఆలిస్ తనను తాను నిలదీసుకునే తీరు ఈ లోపాన్ని చాలావరకు పూడుస్తుంది. భర్తకు తాను ఓటు వేయలేదని ఆమె ఒప్పుకుంటుంది. తాను చేసిందల్లా అతణ్ణి పెళ్ళి చేసుకోవడమేననీ, అధికారం ఇచ్చింది ప్రజలేననీ అంటుంది. ఎంత పదునైన వాదన, ఎంత తప్పించుకునే వాదన! ఆ మాట చదివి అమెరికా పాఠకుడు సిగ్గుపడాలా, ఆమె మీద కోపగించుకోవాలా అన్నది రచయిత్రి చెప్పదు. ఆ మాట ఒక భార్య నోట కాక మరెవరి నోట వచ్చినా తేలిపోయేది.

ఏలికల ఇళ్ళలోని ఆడవారి ఏకాంతాన్ని ఊహించడం మనకూ తెలిసిన పనే. మన స్త్రీల పాటల్లోని ఊర్మిళాదేవి నిద్ర పాటలో, పద్నాలుగేళ్ళ తరువాత మంచం దగ్గరికి వచ్చిన లక్ష్మణుణ్ణి నిద్రమత్తులోని ఊర్మిళ ఎవరో పరపురుషుడనుకుని నిలదీస్తుంది. అన్న కోసం అడవికి వెళ్ళినవాడి కీర్తిని పురుషులు పాడుకుంటుంటే, ఇంట్లో మిగిలిన భార్యకు ఏమైందని ఇంటి ఆడవారు అడిగారు. సిట్టెన్‌ఫెల్డ్ అడిగినదీ ఆ జాతి ప్రశ్నే. తేడా ఒక్కటే: ఊర్మిళ ఆ పాట విని నొచ్చుకునే అవకాశం లేదు, లారా బుష్ మాత్రం ఈ పుస్తకం దుకాణాల్లోకి వచ్చిన నాటికి వైట్‌హౌస్‌లోనే ఉన్నారు.

ఆ తరువాత 2020లో ఇదే రచయిత్రి ‘రాడమ్’ అనే నవలలో, హిల్లరీ రాడమ్ బిల్ క్లింటన్‌ను పెళ్ళి చేసుకోకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించింది. అందులో పేర్లు మార్చలేదు, కథ మాత్రం చరిత్రకు పూర్తిగా ఎడమైంది. విచిత్రమేమంటే, అసలు పేర్లతో ఉన్న ఆ నవల ఎవరినీ మోసగించదు, అది జరగలేదని మొదటి పేజీ నుంచీ అందరికీ తెలుసు. పేర్లు మార్చిన ‘అమెరికన్ వైఫే’ నిజమనిపించి చిక్కు తెస్తుంది.

అమెరికా నాయకుల భార్యల మీద తెలుగువారికి ఇటీవల ఆసక్తి పెరిగిందనడంలో సందేహం లేదు. ఉషా చిలుకూరి వాన్స్ భర్త 2024 జులైలో అమెరికా ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఎంపికైనప్పుడు, పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు పేరు ఒక్కసారిగా పత్రికలకెక్కింది. మన వార్తల్లో ఆమె చదువు కన్నా, న్యాయవాద వృత్తి కన్నా, పూర్వుల ఊరే ముందు నిలిచింది. నాయకుడి పక్కన నిలబడిన స్త్రీని ఎవరో ఒకరికి చెందినదిగా చూడడం ఎంత సహజమైపోయిందో ఆ వార్తలు చదివినప్పుడు అర్థమైంది. ఈ నవల ఇప్పుడు చదివితే అందుకే మరింత దగ్గరగా ఉంటుంది.

ఇంగ్లీషు సరళంగా ఉంటుంది, నిఘంటువు అక్కర పడదు. అమెరికా రాజకీయాలు తెలియకపోయినా మొదటి రెండు భాగాలకు ఇబ్బంది లేదు. ఓపిక తక్కువైనవారు మూడవ భాగంలో కొన్ని పేజీలు వేగంగా తిప్పినా నష్టపోరు. ఇష్టపడినవారు దీని తరువాత లారా బుష్ 2010లో వెలువరించిన స్వీయచరిత్ర ‘స్పోకెన్ ఫ్రమ్ ది హార్ట్’ తప్పక చదవాలి. ఆ ప్రమాదం గురించి అందులో ఆమె స్వయంగా రాశారు. ఆమె కథనంలో పీట్ లేడు, షికాగో ప్రయాణం లేదు. దేవుడి మీద నమ్మకం పోయిందనీ, అది చాలా ఏళ్ళ వరకు తిరిగి రాలేదనీ మాత్రం ఉంది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రిని వర్ణించిన పేజీలను నేను మరోసారి చదివాను. నవల పేజీలు గుక్క తిప్పుకోనివ్వవు. రెండో పుస్తకం దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను.